పంతం, పరువు, మొహమాటం: ‘ది వైట్ లోటస్’ పాత్రల మనసులో ఏముంది?

అమెరికన్ టీవీ నాటకం ‘ది వైట్ లోటస్’ మూడో సీజన్ మన దేశంలో 2025 ఫిబ్రవరి 17 నుంచి ఏప్రిల్ 7 దాకా ఎనిమిది సోమవారాలు నడిచింది. అమెరికా తూర్పు తీరంలో ఆదివారం రాత్రి 9 గంటలంటే విశాఖపట్నంలో సోమవారం ఉదయం 7.30. మార్చి రెండో వారంలో అక్కడ గడియారాలు గంట ముందుకు జరిపాక 6.30. ఆఫీసుకు బయల్దేరే హడావిడిలోనే చూసేసేవారు కొందరు, రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చూసేవారు ఇంకొందరు. ఈ మధ్యలో పగలంతా వాట్సాప్‌లో ఒకటే చర్చ. వాడు అలా ఎందుకు చేశాడు? ఆవిడ మనసులో ఏముంది? చచ్చేది ఎవరు? (ఇక్కడ మూడు సీజన్ల ముగింపులూ ప్రస్తావనకు వస్తాయి. చూడనివారు చూశాకే చదవడం మేలు.)

మైక్ వైట్ ఈ కథను సృష్టించి, ప్రతి ఎపిసోడ్‌నూ తానే రాసి, తానే దర్శకత్వం వహించారు. 2021లో హవాయిలోని మావీ దీవి, 2022లో సిసిలీలోని తావోర్మినా, 2025లో థాయిలాండ్‌లోని కో సముయి. వరసగా 6, 7, 8 ఎపిసోడ్లు. చోటు మారినా చట్రం ఒకటే. ఒక విలాసవంతమైన హోటల్, ఒక వారం సెలవు, బాగా డబ్బున్న అతిథులు, వాళ్లకు సేవ చేసే సిబ్బంది. మొదటి దృశ్యంలోనే ఒక చావు కబురు. చచ్చింది ఎవరో చెప్పకుండా కథ వారం వెనక్కి వెళ్తుంది.

ఊహాగానాలన్నిటికీ మూలం ఈ చట్రమే. శవం ఉందని తెలిశాక ప్రేక్షకుడు ప్రతి పాత్రనూ అనుమానితుడిగా చూడటం మొదలుపెడతాడు. ఎవరు చంపుతారో ముందే ఒక అంచనాకు వచ్చేసి, దానికి సరిపోయే ఉద్దేశాన్ని తర్వాత వెతుక్కుంటాడు. నడవాల్సిన దారి దీనికి తలకిందులు. మనిషి ఏం చేశాడు, ఆ క్షణానికి అతనికి ఏం తెలుసు, దేనికి సిగ్గుపడుతున్నాడు అన్నవి ముందు తేల్చుకోవాలి. శవం సంగతి ఆ తర్వాత.

తెలుగు ప్రేక్షకులకు ఇందులో ఇంకో చిక్కు ఉంది. మన డైలీ సీరియల్‌లో అత్తగారు కుట్ర పన్నితే ఆ కుట్ర ఆవిడ గొంతులోనే మనకు వినిపిస్తుంది. పెదవులు కదలవు, మనసులో మాట మాత్రం స్పష్టంగా వస్తుంది. కెమెరా ముఖం మీదికి మూడుసార్లు దూసుకొస్తుంది, వెనక ఉరుము ఉరుముతుంది. ఉద్దేశాన్ని అరటిపండు వలిచి చేతిలో పెట్టినట్టు అందించే పద్ధతి అది. అదేమీ తక్కువ రకం పద్ధతి కాదు. వంటింట్లో పని చేసుకుంటూ చెవితో కథను అనుసరించేవారికి అది బాగా పనికొస్తుంది. కానీ ఆ అలవాటుతో ఈ నాటకం చూస్తే మనసులో మాట వినిపించని చోటల్లా దాన్ని మనమే పూరిస్తాం. ఏం పెట్టి పూరిస్తాం? ఎక్కువసార్లు ఆస్తి. ఎవడేం చేసినా డబ్బు కోసమే, వీలునామా కోసమే అని. మూడు సీజన్లలోనూ నికరంగా ఆస్తి కోసం మనిషిని చంపించే పన్నాగం టాన్యా అనే డబ్బున్న అతిథి భర్త గ్రెగ్ ఒక్కడిదే. మిగతా ఘోరాల్లో చాలావాటికి కారణాలు మన భాషలో ఇంతకంటే బాగా పేర్లున్నవి: పంతం, పరువు, మొహమాటం.

మొదటి సీజన్‌లో హోటల్ మేనేజర్ ఆర్మండ్‌కూ కొత్త పెళ్లికొడుకు షేన్‌కూ మధ్య నడిచింది అచ్చంగా పంతం. షేన్ కుటుంబం డబ్బు కట్టింది ‘పైనాపిల్ సూట్’ అనే విలాసవంతమైన గదికి. ఇచ్చింది వేరే సూట్. విశాఖ బీచ్ రోడ్డులో గానీ, రుషికొండ నుంచి భీమిలి దాకా ఉన్న రిసార్టుల్లో గానీ రిసెప్షన్ డెస్క్ దగ్గర పనిచేసినవారికి ఈ గొడవ వివరించి చెప్పనక్కర్లేదు. సముద్రం కనిపించే గదులు ఇరవై ఉంటే, డిసెంబరు చివరి వారంలో ఇరవై ఒకటో బుకింగ్ ఎక్కడినుంచో వచ్చి పడుతుంది. అప్పుడు చేయాల్సిన పని అందరికీ తెలిసిందే. తప్పు మాదేనని ఒప్పుకోవాలి, రెండు గదుల అద్దెల్లో ఉన్న తేడా వెనక్కి ఇవ్వాలి, ఆ గది ఏ రోజు ఖాళీ అవుతుందో చెప్పి ఆ రోజుకు రాసిపెట్టాలి. ఆ క్రమంలో మొదటిది తప్పితే మిగతా రెండూ ఎంత చేసినా అతిథి చల్లబడడు.

ఆర్మండ్ తప్పింది సరిగ్గా ఆ మొదటి మెట్టు దగ్గరే. ఒకే సూట్‌ను ఇద్దరికి ఇచ్చేశామని లోలోపల తెలిసీ అబద్ధమాడతాడు. షేన్ వదలడు. అతని ఫిర్యాదులో న్యాయముంది, దాన్ని మరచిపోకూడదు. కానీ రెండో రోజుకల్లా అతనికి కావలసింది గది కాదు, ఆర్మండ్ తల వంచడం. పక్కన కొత్త పెళ్లాం రేచల్ ఉన్నా కళ్లు రిసెప్షన్ వైపే. ఇటు ఆర్మండ్ తిరగబడతాడు. పడవలో ఏకాంత విందు ఏర్పాటు చేస్తానని చెప్పి, తల్లి చితాభస్మం కలపడానికి టాన్యా వెళ్తున్న పడవలోకే ఆ జంటను ఎక్కిస్తాడు. ఐదేళ్లుగా మత్తుకు దూరంగా ఉన్న మనిషి, అతిథులు పోగొట్టుకున్న సంచిలో దొరికిన మందులతో మళ్లీ జారిపోతాడు. ఉద్యోగం పోవడం ఖాయమయ్యాక షేన్ సూట్‌లో దూరి పెట్టెను మలంతో పాడుచేస్తాడు. అప్పటికే హోటల్‌లో ఒక దొంగతనం జరిగింది. ఆ భయంతో కత్తి పట్టుకున్న షేన్, ఎదురుపడిన మనిషి ఎవరో పోల్చుకోకుండానే పొడుస్తాడు.

ఈ వరసలో ఎక్కడా హత్యా పథకం లేదు. అందుకే ‘షేన్ కావాలనే చంపాడా’ అన్న ప్రశ్న ఎంత తిప్పినా ఎటూ పోదు. ‘ఇద్దరిలో ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగి ఉండొచ్చు’ అని అడిగితే జవాబులు దొరుకుతాయి. ఆర్మండ్‌కు కనీసం మూడు చోట్ల అవకాశం ఉంది, షేన్‌కు ప్రతి పూటా ఉంది. పంతంలో ఉన్న మనిషికి లాభనష్టాల లెక్క ఉండదు. ‘ఎవరికి లాభం’ అని అడిగే ప్రేక్షకుడు ఇక్కడ దారి తప్పేది అందుకే.

మొదటి దృశ్యంలో షేన్ విమానాశ్రయంలో ఒంటరిగా ఉంటాడు. భార్య ఎక్కడని అడిగితే కసురుకుంటాడు. దానితో విమానంలోకి ఎక్కిస్తున్న శవపేటికలో ఉన్నది రేచల్ శవమేనని చాలామంది తేల్చేశారు. కథ చూపింది రెండే సంగతులు: ఒకరు చనిపోయారు, షేన్ చిరాకుగా ఉన్నాడు. ఆ రెంటినీ కలిపిన ముడి ప్రేక్షకుడిదే.

గ్రెగ్ విషయంలో వచ్చే పొరపాటు ఇంకో రకం. రెండో సీజన్‌లో అతని లెక్క తేటతెల్లం. పెళ్లికి ముందు రాసుకున్న ఒప్పందం ప్రకారం విడాకులైతే చేతికి ఏమీ రాదు, టాన్యా చనిపోతే ఆస్తి వస్తుంది. అందుకే ఆమెను చంపే పని క్వెంటిన్ అనే మనిషి బృందానికి అప్పగిస్తాడు. ఇది తెలిశాక చాలామంది మొదటి సీజన్‌కు తిరిగి వెళ్లి అతని ప్రతి దగ్గులోనూ, ప్రతి నవ్వులోనూ పన్నాగం వెతికారు. మొదటి సీజన్‌ను ఆరు ఎపిసోడ్లతో ముగిసే కథగానే తీశారు. కరోనా కాలంలో, 2020 చివర్లో, అతిథులు లేని హోటల్‌లో చిత్రీకరించారు. రెండో సీజన్ ఉంటుందని ప్రకటించింది 2021 ఆగస్టులో, అప్పటికే మొదటి సీజన్ ప్రసారమవుతోంది. కాబట్టి మావీలో టాన్యాకు పరిచయమైన గ్రెగ్ ముఖంలో సిసిలీ కుట్రను చదవడమంటే, తర్వాత పుట్టిన కారణాన్ని ముందు జరిగినదానికి అంటగట్టడమే. ఏ సీజన్ సాక్ష్యం ఆ సీజన్‌కే. మొదటి సీజన్ గ్రెగ్ గురించి గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే: అనారోగ్యంతో ఉన్న, తోడు కోరుకున్న మనిషిగా కనిపించాడు.

అసలు తేలని ఉద్దేశాలూ కొన్ని ఉన్నాయి, తేలకుండా ఉంచడమే వాటి పని. రెండో సీజన్‌లో తన భార్య హార్పర్‌కూ స్నేహితుడు కామెరన్‌కూ మధ్య ఏదో జరిగిందన్న అనుమానం ఈతన్ సముద్రతీరంలో కామెరన్ భార్య డాఫ్నీకి చెబుతాడు. కెమెరా డాఫ్నీ ముఖం మీద నిలిచిపోతుంది. కొన్ని క్షణాల పాటు ఆ ముఖంలో ఏదో కూలి, మళ్లీ సర్దుకుంటుంది. తర్వాత ఆమె ఈతన్‌ను వెంటబెట్టుకుని ఇసోలా బెల్లా అనే చిన్న దీవి వైపు నడుస్తుంది. కెమెరా వాళ్ల వెంట వెళ్లదు. అక్కడ ఏం జరిగిందన్నదానిపై ఎంత వాదించినా అవన్నీ సమానమైన ఊహలే. తేల్చుకోగలిగింది ఆ ముఖం దగ్గరే ఉంది. దెబ్బ తగిలిందని ఆమెకు తెలుసు, తగలనట్టు బతకడం ఆమెకు బాగా అలవాటు. తన పిల్లల గురించి, వ్యాయామం నేర్పే అతని గురించి అంతకుముందు ఆమె హార్పర్‌తో అన్న మాటలను దీని పక్కన పెట్టి చూస్తే ఆ అలవాటు ఎంత పాతదో అర్థమవుతుంది. కెమెరా ఆగిన చోట ప్రేక్షకుడూ ఆగడం మంచిది.

అదే సీజన్‌లో డబ్బుకు తోడొచ్చే లూసియా సంగతి త్వరగానే తేలుతుంది. ఆమెను ఇష్టపడ్డ కుర్ర అతిథి ఆల్బీ ద్వారా అతని తండ్రి దగ్గర్నుంచి 50,000 యూరోలు రాబట్టి, తెల్లారేసరికి వెళ్లిపోతుంది. ఇది మోసమా కాదా అని చర్చ. డబ్బు తనకు కావాలని ఆమె మొదటి ఎపిసోడ్ నుంచీ దాచలేదు. దాచుకున్నది ఆల్బీ, అదీ తన నుంచి తనే. తను రక్షకుడిననుకున్నాడు, కొనుగోలుదారుడిననుకోలేదు.

రాట్లిఫ్ కుటుంబం: పరువు లెక్క

మూడో సీజన్‌లో అందరూ తప్పుగా అంచనా వేసింది తిమోతి రాట్లిఫ్‌ను. ఆర్థిక మోసం కేసు మీద పడబోతోందని సెలవు మధ్యలో అతనికి తెలుస్తుంది. హోటల్ పద్ధతి ప్రకారం ఇంట్లోవాళ్ల ఫోన్లు తీసుకుని ఉండటం అతనికి కలిసొస్తుంది, వాళ్లదాకా ఆ వార్త రాదు. భార్య విక్టోరియా సంచిలోని, ఆందోళన తగ్గించే లోరాజిపామ్ మాత్రలు మింగుతూ రోజులు నెడతాడు. సెక్యూరిటీ గార్డు గైటోక్ తుపాకీ అతని చేతికి వస్తుంది. అక్కడితో ప్రేక్షకులు తీర్పు చెప్పేశారు: మొదటి దృశ్యంలో వినపడ్డ కాల్పులు ఇతనివే.

తుపాకీని చూసి మనిషి ఉద్దేశాన్ని నిర్ణయించడం ఇక్కడ పొరపాటు. నిర్ణయించాల్సింది అతను అడిగిన ప్రశ్నలను బట్టి. డబ్బు లేకుండా బతకగలవా అని అతను ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినీ ఏదో వంకతో కదిపి చూస్తాడు. ఈ వయసులో కష్టంగా బతకలేనని విక్టోరియా తేల్చి చెబుతుంది. విజయం లేకపోతే తను ఏమీ కానని పెద్దకొడుకు శాక్సన్ భావం. బౌద్ధ మఠంలో ఏడాది ఉంటానన్న కూతురు పైపర్ ఒక్క రాత్రికే వెనక్కి వచ్చి, ఆ తిండితో ఆ గదిలో ఉండటం తన వల్ల కాదని ఒప్పుకుంటుంది. బతకగలనన్నది చిన్నవాడు లాక్లన్ ఒక్కడే. విషపు పండు గింజలు కలిపిన పానీయం గ్లాసుల్లో పోసిన రాత్రి, తిమోతి లాక్లన్‌కు మాత్రం పోయడు. ఉద్దేశమంతా ఆ ఒక్క పనిలో ఉంది. చంపాలన్న కసి కాదది. తనవాళ్లు దిగజారి బతకడం చూడలేని పరువు. ఏ ప్రశ్నకు ఎవరు ఏం చెప్పారో కాగితం మీద రాసుకుని ఉంటే, ఎవరి ముందు గ్లాసు ఉంటుందో ఎవరి ముందు ఉండదో ముందే ఊహించగలిగేవారు. చివరి క్షణంలో అతనే ఆపేస్తాడు, శాక్సన్ చేతిలో గ్లాసు పడగొట్టేస్తాడు.

అప్పులపాలైన ఇంటిపెద్ద కుటుంబం మొత్తాన్నీ తనతో తీసుకుపోవాలనుకునే వార్త తెలుగు పత్రికల జిల్లా పేజీలు చదివేవారికి కొత్త కాదు. ఎవరితోనూ చెప్పుకోకపోవడం, మౌనం, అకస్మాత్తుగా పెరిగే ఆప్యాయత. ఈ లక్షణాలను విలనీ కింద కాక ఆపద గుర్తులుగా చదవగలిగే అనుభవం మన సమాజానికి, బాధాకరంగానే, ఉంది. తిమోతిని ‘సైకో’ అని కొట్టిపారేసినవారు ఆ అనుభవాన్ని పక్కన పెట్టేశారు.

మర్నాడు ఉదయం కడగని మిక్సీ జార్‌లోనే లాక్లన్ ప్రొటీన్ డ్రింక్ కలుపుకుని తాగి, చావు అంచుదాకా వెళ్లి బతుకుతాడు. ఇది కాకతాళీయమని, కథకుడి సౌకర్యమని విమర్శ వచ్చింది. లాక్లన్‌ను మొదటినుంచీ గమనిస్తే అంత కాకతాళీయం కాదు. అన్నలా ఉండాలని అన్నతోనూ, అక్కలా ఉండాలని అక్కతోనూ తిరుగుతాడు. అందరినీ సంతోషపెట్టడమే తన గుణమని తనే చెప్పుకుంటాడు. మొహమాటానికి ఇంతకంటే నిండైన రూపం ఈ నాటకంలో ఇంకొకటి లేదు. శాక్సన్‌తో గీత దాటిన రాత్రి గురించి ప్రేక్షకులు లైంగిక ఉద్దేశాలు ఎన్నో వెతికారు. ఆ కుర్రాడు ఇచ్చిన సంజాయిషీ దీనికి అతికినట్టు సరిపోతుంది: అన్నకు కావలసింది ఇవ్వాలనుకున్నాడు. ఆ ఉదయం తాగిందీ శాక్సన్ అలవాటు చేసిన పానీయమే.

అదే సీజన్‌లోని మరో అతిథి రిక్ కథ ఇంకా సూటిది. తండ్రిని చంపాడనుకున్న జిమ్‌ను వెతుక్కుంటూ బ్యాంకాక్ వెళ్తాడు, కుర్చీ తోసేసి వదిలేస్తాడు, తేలికపడి వస్తాడు. అక్కడితో పగ తీరిందని ప్రేక్షకులు అనుకోవడం సహజం. జిమ్ హోటల్‌కు వచ్చి రిక్ తల్లిని తూలనాడేసరికి అదంతా తిరగబడుతుంది. జిమ్ తుపాకీతోనే జిమ్‌ను కాల్చేశాక తెలుస్తుంది, తండ్రి అతనేనని. ఈ కాల్పుల మధ్య రిక్ ప్రియురాలు చెల్సీ ప్రాణం పోతుంది. చెల్సీని ఎత్తుకుని పోతున్న రిక్‌ను గైటోక్ వెనకనుంచి కాలుస్తాడు. హింస కూడదని నమ్మిన గైటోక్ ఎందుకు కాల్చాడన్నదానికి జవాబు తుపాకీ దగ్గర కాదు, అతను ఇష్టపడ్డ తోటి ఉద్యోగిని ముక్ దగ్గర ఉంది. ఇతనికి ఎదగాలన్న పట్టుదల లేదని ఆమె చూపిన నిరాశ ఎన్ని దృశ్యాల్లో ఉందో లెక్కపెడితే చాలు.

చూసే పద్ధతి

నలుగురు కూర్చుని పాత్రల ఉద్దేశాలు తేల్చుకోవాలనుకుంటే కొంత క్రమం కావాలి. మొదటిసారి చూసేటప్పుడు ఊహలు రాయకూడదు, జరిగినవే రాయాలి. ఒక పేజీని మూడు నిలువు గడులుగా చేసి, పాత్ర అన్న మాట ఒకదానిలో, చేసిన పని ఇంకొకదానిలో, ఆ సమయానికి ఆ పాత్రకు తెలిసిన సంగతి మూడోదానిలో రాసుకుంటే సరిపోతుంది. ఎపిసోడ్‌కు పది పన్నెండు వరుసలు మించవు. మూడో గడినే చాలామంది వదిలేస్తారు, వాదనలు అక్కడే తప్పుతాయి. మనకు తెలిసింది పాత్రకూ తెలుసుననుకోవడం అతి సాధారణమైన పొరపాటు. థాయిలాండ్‌లో గ్రెగ్‌ను మావీ హోటల్ ఉద్యోగిని బెలిండా గుర్తుపట్టిన రోజుకూ, ఆమె గుర్తుపట్టిందని గ్రెగ్‌కు అర్థమైన రోజుకూ మధ్య ఉన్న ఎడమే వాళ్లిద్దరి కథ. ఆ రెండు రోజుల్నీ కలిపేస్తే గ్రెగ్ ముందు మాటలన్నీ బెదిరింపుల్లా వినిపిస్తాయి.

సంగీతం సాక్ష్యం కాదు. క్రిస్టోబల్ టాపియా డి వేర్ ఈ మూడు సీజన్లకూ ఇచ్చిన సంగీతం ఎంత గొప్పదంటే, కోతి చెట్టెక్కినా అలలు ఒడ్డుకు వచ్చినా ఏదో కీడు జరగబోతోందనిపిస్తుంది. అనుమానం ఉన్న దృశ్యాన్ని ఒకసారి శబ్దం తీసేసి చూడాలి. అప్పుడు కూడా ఆ ముఖంలో కీడు కనిపిస్తే లెక్కలోకి తీసుకోవచ్చు.

సబ్‌టైటిళ్లతో వచ్చే నష్టం వేరే. రాట్లిఫ్‌లది నార్త్ కరోలినాలోని డర్హమ్. విక్టోరియా సాగదీసే మాటలో ఆ ప్రాంతపు పాత సంపన్న వర్గం మొత్తం ఉంది. ‘ఏటి’ అన్న ఒక్క మాటతో మనిషిది శ్రీకాకుళమో విజయనగరమో ఇక్కడివారు పట్టేసినట్టు, అక్కడివారు ఆమెను పట్టేస్తారు. కింద వచ్చే అక్షరాల్లో ఆ సాగదీత ఉండదు. అక్షరాలు చదువుతుంటే కళ్లు ముఖాన్నీ వదిలేస్తాయి. ముఖ్యమైన దృశ్యాలను రెండోసారి సబ్‌టైటిల్ లేకుండా చూస్తే ఈ రెండూ తిరిగి వస్తాయి. పేర్లు పడే సమయంలో వచ్చే బొమ్మలను ఆపి ఆపి చూసి చావులు జోస్యం చెప్పడం సరదాగా ఉంటుంది, అంతకుమించి ఆశించకూడదు.

ఇంకొక్క ప్రశ్న ప్రతి ఎపిసోడ్ చివరా వేసుకోదగ్గది: ఈ పనికి మూల్యం ఎవరు చెల్లించారు? మొదటి సీజన్‌లో అతిథుల లాకర్ కొట్టేయమని హోటల్ ఉద్యోగి కాయ్‌ని ఉసిగొల్పింది, స్నేహితురాలి కుటుంబంతో సెలవుకు వచ్చిన పౌలా. ఆమె ఉద్దేశం న్యాయమా, ప్రేమా, స్నేహితురాలి కుటుంబం మీద కోపమా అని తెగ తర్కించారు. పట్టుబడింది కాయ్. పౌలా విమానమెక్కి వెళ్లిపోయింది. ఉద్దేశం ఏదైనా అది ఆమె భరించగలిగిన ఉద్దేశం, కాయ్ భరించలేనిది. అతిథుల మనసుల గురించి గంటలు మాట్లాడే చర్చల్లో సిబ్బంది మనసుల వాటా ఎప్పుడూ చిన్నదే. అక్టోబరు నుంచి జనవరి దాకా పర్యాటకులతో కిటకిటలాడే విశాఖ లాంటి ఊళ్లో, ప్రతి వీధిలోనూ హోటల్‌లో పనిచేసేవారొకరుండే ఊళ్లో, అది ఇంత చిన్నగా ఉండనక్కర్లేదు.

బెలిండానే తీసుకోవాలి. మావీలో స్పా మేనేజర్‌గా ఆమె టాన్యా దుఃఖాన్ని మోసింది. సొంత వ్యాపారం పెట్టిస్తానన్న మాట నమ్మి కాగితాలు తయారుచేసుకుంది. గ్రెగ్ దొరికాక టాన్యా ఒక కవరు నిండా డబ్బిచ్చి తప్పుకుంది. నాలుగేళ్ల తర్వాత థాయిలాండ్‌లో అదే బెలిండాకు, టాన్యా చావు గురించి నోరెత్తకుండా ఉండేందుకు గ్రెగ్ డబ్బు ఇస్తానంటాడు. మొదట 1,00,000 డాలర్లు. కొడుకు జయాన్ బేరం 50,00,000 దాకా తీసుకెళ్తాడు. అక్కడి ఉద్యోగి పోర్న్‌చాయ్ ఆమెతో కలిసి స్పా పెట్టుకోవాలని ఆశపడి ఉన్నాడు, ఆమె కూడా అవునన్నట్టే ఉంది. డబ్బు ఖాతాలో పడ్డాక, ఇప్పుడు కుదరదని మెత్తగా చెప్పేస్తుంది. ఆ మాటలు టాన్యా ఒకప్పుడు తనతో అన్నవాటికి ఎంతో దూరంలో లేవు.

ఆమె మారిపోయిందని కొందరు, ఎట్టకేలకు గెలిచిందని కొందరు. మొదటి సీజన్‌లో టాన్యా వెళ్లిపోయిన రోజు బెలిండా ముఖాన్నీ, మూడో సీజన్ చివర పడవ కదిలేటప్పుడు ఒడ్డున నిలబడ్డ పోర్న్‌చాయ్ ముఖాన్నీ శబ్దం తీసేసి ఒకదాని తర్వాత ఒకటి చూడాలి. పడవలో ఉన్న బెలిండా ముఖం ఆ తర్వాత చూడాలి.